పది మార్కుల ప్రశ్న

"స్పెయిన్ రాజుల సంస్కరణలు
వలస సమాజాలపై చూపిన ప్రభావమేమి?"

చిత్తూరు కాలేజీ స్టాఫ్ రూములో ఫ్యాను దగ్గుతోంది.
నలభై పేపర్లలో ఒకే జవాబు:
పొగాకు ప్రభుత్వ గుత్త, వీధివీధికీ సుంకం చావిడి,
ఓడ దిగిన అధికారికి కుర్చీ,
అక్కడే పుట్టినవాడికి గుమ్మం.
గైడు పుస్తకం, కామాలతో సహా.

నలభై ఒకటోది మొగిలమ్మది.

"సార్, పెరూ నేను చూళ్ళేదు.
మా జేజి చెప్పింది రాస్తాండా.
మా పెద్దాయనొకడు బంగారుపాళ్యం దావలో కావలి.
కళ్ళంలో ఆయనకింత అని గింజలు తీసిపెట్టేవాళ్ళు.
ఎద్దు పోతే జాడ తీసి తోలుకొచ్చేది,
దొరక్కపోతే తన ఎద్దును కట్టేసి పొయ్యేది.
కుంపిణీ దొర కాగితం చదివించినాడు:
కావలి లేదు, గింజల్లేవు, ఈటె కచేరీలో పెట్టు.
మళ్ళా యేటికి అదే దావలో
ఆయన పేరు దొంగల పట్టీలో ఉండాది.
మనిషి మార్లేదు సార్. పట్టీ మారింది."

ఎర్ర పెన్ను ఆగింది.
గుమాస్తా వచ్చి గుర్తు చేశాడు,
కొత్త మిషన్లో వేలు పెట్టమని.
సుద్దముక్క ముప్పై ఏళ్ళు అరగదీసిన వేలు.
మూడుసార్లు పెట్టాను.
"గుర్తింపు విఫలం" అంది.

తిరిగొచ్చి నాలుగు వేశాను.
కొట్టేసి ఎనిమిది వేశాను.
కిందెక్కడో, మార్కులకు సంబంధం లేకుండా,
చిన్నగా రాశాను:
ఈటె ఇచ్చేశాడా?