పుర్రచేతి వాటం

బరంపురం నుంచి వచ్చిన ముసలాయన
ముందు చేతులు కడుక్కున్నాడు.
పాత పంచె గుడ్డ మీద దాన్ని పడుకోబెట్టి
పసిబిడ్డ చెవిలోకి చూసినట్టు
గొట్టంలోకి టార్చి వేసి చూశాడు.
"గొట్టం ఇంగ్లాండుది. గుర్రం వేరే దేనిదో.
మొదట చెకుముకి రాయి, తరవాత టోపీ మందు.
రెండు తుపాకుల బొమికలు అతికితే
ఇది లేచి కూర్చుంది తల్లీ."

మా ఇంట్లో దీని కథ వేరు.
మహేంద్రగిరి వాలులో తాత దీంతో పులిని కొట్టాడు.
ప్రతి పెళ్లికీ ఆ పులి జానెడు పెరిగింది.
చిన్నమామయ్య పెళ్లినాటికి
దాని తోక పర్లాకిమిడి స్టేషను దాకా వచ్చింది.

"పులా?"
ముసలాయన నవ్వలేదు.
"పదడుగుల్లో మనిషైతే సరే."

పిడి దగ్గర భూతద్దం ఆగింది.
"ఇదే దెబ్బ కొట్టింది. అక్రోటు కర్ర ఉండాల్సిన చోట
ఎవడో గేదె కొమ్ము తొడిగాడు.
అసలు పిడి ఉంటే అరవై వేలు.
ఇప్పుడు పద్దెనిమిది. అదీ
కొనేవాడికి లైసెన్సుంటే."
చీటీ రాసిచ్చాడు, సగం ఒడియా, సగం తెలుగు.

వీధిలో మోసుకెళ్లే ధైర్యం లేక
దండాసి మహారణానే ఇంటికి పిలిచాను.
కొంగలూ దువ్వెనలూ చేసే చేతులు,
గోళ్ల సందుల్లో కొమ్ముపొడి.
పిడిని గీకి వాసన చూశాడు.
"మా తాత పని. అడుగున చూడండి, చేప కన్ను.
పేరు రాయడం రాదు ఆయనకి."
కుడిచేత్తో పట్టుకున్నాడు, ఇమడలేదు.
ఎడమకి మార్చాడు, వేళ్లు మిగిలిపోయాయి.
"పుర్రచేతి వాటమమ్మా. చిన్న చెయ్యి.
ఆ చెయ్యి చూడకుండా ఇలా చెక్కలేరు."

తాతది కుడివాటం. చేటంత అరచెయ్యి.

అమ్మమ్మ
నూతిలో చేద ఎడంచేత్తోనే వేసేది.
వడ్డించేటప్పుడు మాత్రం కుడిచెయ్యి తడబడి
పప్పు ఒలికి, తిట్లు తినేది.
పులి కథ మొదలైతే
లేచి వెళ్లి దీపం ఒత్తి ఎగదోసేది.
ఏ పెళ్లిలోనూ చివరిదాకా విన్నది కాదు.

నేను పట్టుకున్నాను, ఎడమతో.
బొటనవేలు తనంతట తానే
ఒక నున్నటి గుంటలో కూర్చుంది.
పదడుగుల్లో
ఎవరు?
పైకే అన్నానేమో. మహారణా
టీ ఊదుకుంటున్నాడు.
"ఈ పనికి అప్పట్లో
రెండు కుంచాల చోళ్లు తీసుకునుంటాడు" అన్నాడు.

ఎన్నికలొస్తున్నాయి. ఎప్పటిలాగే
ఠాణాలో అప్పగించి రసీదు తెచ్చుకోవాలి.
కాగితంలో ఒక గడి: ఇంతకు ముందు ఎవరిది.
ఇన్నేళ్లూ తాత పేరే రాశాం.
కలం అక్కడ ఆగింది.
వీధి వీధంతా ఆమెని గుణుపురపావిడ అనే పిలిచింది.
అసలు పేరు పాత రేషను కార్డులో ఉండాలి.
కార్డు ట్రంకుపెట్టెలో ఉండాలి.
పెట్టె తాళంచెవి
ఎక్కడుందో వెతకాలి.