పదకొండు అంగుళాలు

ఆదోనిలో రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా
రేకుల కొట్టం, బల్ల, ఒక కంప్యూటరు,
వాన నీళ్లు తగలకుండా దాని కింద రెండు ఇటుకలు.
పంతొమ్మిదేండ్లుగా ఇక్కడే
ఒకరి భూమిని ఇంకొకరి పేరుకు
టైపు కొడతాండాను.

కరెంటు పోతే నా అక్షరాలు పోతాయి.
జనం మాత్రం పోరు.
పాసుపుస్తకాలతో విసురుకుంటా
బెంచీ మీదనే కూచుంటారు,
ఆ గాలి కూడా సర్వే నెంబరు వాసనే.

ఖాజా అంగట్లో పాతదొకటి ఉండాది.
పదకొండు అంగుళాల చిన్న ల్యాప్‌టాప్.
పక్కంగడి నుంచి ఎర్రగడ్డల కాటా తెప్పించి
దాని మీద పెట్టి చూపించినాడు, కిలో కూడా లేదు.
"సంచిలో ఏస్కుంటే ఉన్నట్టే తెలీదు మేడం,
ఆరు గంటల చార్జింగు,
మీకైతే పదమూడు వేల ఐదొందలు."

ఆరంటే నాలుగని రాసుకున్నాను మనసులో.
చెప్పే విలువ ఒకటి, రాసే విలువ ఒకటి,
మా వృత్తిలో ఇది కొత్తేం కాదు.

పదమూడు వేల ఐదొందలంటే
ఇరవై ఏడు క్రయ దస్తావేజులు.
లేదా పద్దెనిమిది భాగపరిష్కారాలు,
అన్నదమ్ములు మధ్యలో లేచిపోకుంటే.
వీలునామాల్ని లెక్కలో కలపను.
మంచం పక్కన నిలబడి
నా కూలి ఎంతని చెప్పడానికి నోరు రాదు.

పోయిన నెల కౌతాళం పోయినాను.
ఉరుకుందమ్మ లేచే స్థితిలో లేదు.
చెప్పిందంతా నోటుబుక్కులో రాసుకొని
బస్సెక్కి వచ్చి, టైపు చేసి, మళ్లీ బస్సెక్కి పోతే
"కాదమ్మా, బర్రె చిన్నకోడలికి రాయి,
రాత్రి లేచి నీళ్లు తాపింది ఆ పిల్లే" అనింది.
బర్రె కోసం మళ్లీ ఆదోని.
మూడోసారి నేను దిగేసరికి
వాకిట్లో చెప్పులు ఎక్కువగా ఉన్నాయి.

సంతకం కాని ఆ రెండు కాగితాలు
ఇంకా సంచిలోనే ఉన్నాయి.
వాటిని ఏ కాటా మీదా పెట్టలేదు.
బర్రె ఇప్పుడెవరి దొడ్లో ఉందో
అడగనూ లేదు.

"ఇది కొంటే సరా, ప్రింటరు ఏడ మోస్తావ్?"
అంటాడు మా తమ్ముడు సుంకన్న.
నిజమే.
వాడెప్పుడూ నిజమే చెప్తాడు, వాడికి
మధ్యాహ్నం రెండు గంటల కౌతాళం బస్సు తెలీదు.

"కొట్టి చూడండి మేడం" అన్నాడు ఖాజా.
మీటలు మరీ దగ్గర దగ్గర.
వత్తు కొట్టబోతే దీర్ఘం పడింది.
ఇవి చదువుకునే పిల్లల వేళ్లకు చేసినట్టున్నారు,
నావి స్టాంపు ప్యాడు మీద
ముసలోళ్ల బొటనవేళ్లను వత్తి వత్తి ముదిరినవి.

ఏం కొట్టాలో తోచక అలవాటుగా కొట్టినాను:
"నేను బాగా ఆలోచించుకొని,
ఎవరి బలవంతమూ లేకుండా,
పూర్తి తెలివితో"
ఆగిపోయినాను.
ఇన్నేండ్లూ ఈ "నేను" నేను కాదు.
వాక్యం ఎదురు చూస్తాండాది, గీత ఆరి వెలుగుతా.

మిగిలింది కూడా చేతులే కొట్టినాయి.
తూర్పు: ఖాజా తాగి పెట్టిన టీ గ్లాసు.
దక్షిణం: నా ఒడి.
పడమర: ముడులు పడిన చార్జరు తీగ.
ఉత్తరం: తెర వెనక రోడ్డు, పత్తి లారీ, దుమ్ము.
ఈ నాలుగు హద్దుల మధ్య గల
పదకొండు అంగుళాలు.

తాలూకా అంతా నా వేళ్ల కింద నుంచి పోయింది.
నా పేర ఒక సెంటు లేదు.

కొనలేదు.
కొననని కూడా చెప్పలేదు.
ఐదొందలు బయానా ఇచ్చి
శనివారం దాకా గడువు అడిగినాను.
రసీదు ఇయ్యమంటే ఖాజా
అగ్గిపెట్టెల డబ్బా చించి, అట్ట మీద రాసిచ్చినాడు,
దస్తగిరమ్మలో 'గి'ని 'గ' చేసి.

పెన్ను నా చేతిలోనే ఉండింది.
అయినా దిద్దకుండా మడిచి పెట్టుకున్నాను.
దిద్దితే కొన్నట్టే అయితాదని.