ఆలస్యానికి కారణం

మేడవాక్కంలో సంతకాలయ్యేసరికి
రాత్రి పన్నెండున్నర దాటింది.
దర్జీ మాసిలామణి భార్య గుమ్మం దాకా వచ్చి
నా చేతిలో డబ్బాని చూసి,
"మెల్లగా పోనీమ్మా, ఆయనకి కుదుపులు పడవు" అంది.

పక్క సీటు మీద డబ్బా పెట్టి బెల్టు కట్టాను,
నాకంటే ముందు దానికే.

పళ్ళికరణై చిత్తడి వెంట రోడ్డు.
ఎడమవైపు నీళ్ళు, నీళ్ళలో చీకటి,
చీకట్లో ఏవో పక్షులు నిద్రలో దగ్గినట్టు.
స్తంభాలున్నాయి. దీపాల్లేవు.

అప్పుడు రెండు టార్చీలు
అడ్డంగా ఊగుతూ.
బారికేడు లేదు. జీపు లేదు.
ఒక బైకు, రెండు ఆకారాలు,
ఒంటి మీద ఖాకీయో, ఖాకీ లాంటి చీకటో.

రెజీనా అక్క ఈ పనిలో పద్దెనిమిదేళ్ళు అరిగిన మనిషి.
చేరిన వారమే చెప్పింది, టీ గ్లాసు అరచేతుల్లో తిప్పుతూ:
"ఆపమంటే ఆపాల్సిందే. పారిపోయావా, తప్పు నీదైపోతుంది.
ఎక్కడ ఆపాలో మాత్రం నువ్వు చూసుకో.
చీకట్లో ఆగినదానికి సాక్షి ఉండదు."

నాలుగు మూలలా లైట్లు మిణుకుమనిపించి
లోపలి దీపం వేసి
చెయ్యి బయటికి చాపి చూపించాను:
అక్కడ, ఆ బంకు దగ్గర.
వెనకాల బైకు స్టార్టయింది.
నాలుగు వందల మీటర్లు.
ఇంత నెమ్మదిగా నేనెప్పుడూ భయపడలేదు.

బంకులో తెల్లటి వెలుతురు,
కుర్చీలో కునికే కుర్రాడు, మూలన కెమెరా.
ఇంజను ఆపాను. తలుపుల తాళం తియ్యలేదు.
అద్దం నాలుగు వేళ్ళు దించాను.
చేతులు రెండూ స్టీరింగు మీద,
పిండి అంటిన చేతుల్లా దేన్నీ తాకకుండా.
ఫోన్‌లో తాయారు. మాట్లాడదు, వింటుంది.
వాళ్ళింట్లో ఫ్యాను కిర్రుమనడం నాకు వినిపిస్తోంది.

"అంగే ఏన్ నిక్కల?"
"వెలిచ్చం ఇల్ల సార్."
నా అరవం సూళ్ళూరుపేట దాటి రాదు,
ఆ ఒక్క ముక్క మాత్రం తడబడలేదు.

టార్చి నా మొహం మీద.
దాని వెనక మొహం లేదు, వయసు లేదు.
వెలుతురు కావాలన్నది నేనే,
ఇంత దగ్గరగా కాదు.

లైసెన్సు సందులోంచి అందిస్తూ
చొక్కా మీద పేరు వెతికాను.
"ఏళుమలై సార్, వణక్కం."
పైకి చదివింది అతని కోసం కాదు, తాయారు కోసం.
అయినా టార్చి జానెడు దిగింది.

"దిగు. ఏముంది డబ్బాలో?"
"ఆడ కానిస్టేబుల్ వస్తే దిగుతాను సార్.
లేదంటే స్టేషన్‌కి మీ వెనకే వస్తాను."
గొంతు నాది కాదు, అక్క దగ్గర అరువు.
రెండోవాడు కారు చుట్టూ తిరిగి
బానెట్ మీద తట్టాడు, పుచ్చకాయ బేరం చేస్తున్నట్టు.
ఆ చప్పుడు ఇంకా పోలేదు.

"డబ్బాలో ఏముందని అడిగాను."
"కళ్ళు సార్.
రెండు. మంచు మీద.
సాయంత్రం దాకా ఓ దర్జీవి.
ఇప్పుడెవరివో ఇంకా తెలీదు."

టార్చి డబ్బా మీదికి తిప్పాడు. మూత మీద ఎర్రక్షరాలు.
చప్పున ఆర్పేశాడు,
పిల్లలు పడుకున్న గదిలో పొరపాటున లైటు వేసినవాడిలా.

కంటి బ్యాంకుకి ఫోన్ చేశాడు. నంబరు రాసుకున్నాడు.
క్షమాపణలేం లేవు, నేనూ ఎదురుచూడలేదు.
"ఇంత రాత్రి ఒంటరిగా పంపుతారా?" అన్నాడు.
అది జాలో నిందో తేలలేదు.
చావుకి డ్యూటీ టైములుండవు సార్, అనబోయి మింగేశాను.
ఇదీ అక్క మాటే:
గెలిచే మాటని రాత్రిపూట ఖర్చు పెట్టకు.

వేళచ్చేరి దాటాక గానీ మోకాళ్ళు వణకలేదు.
తాయారు అప్పుడు నోరు తెరిచింది: "సోడా తాగు."

నుంగంబాక్కంలో రిజిస్టరు.
ఆలస్యం: పదిహేడు నిమిషాలు.
కారణం అన్న గడి అంగుళం కూడా లేదు.
పోలీసు తనిఖీ అని రాసి, కొట్టేసి,
పక్కన ఇరికించాను:
వెలుతురు దాకా వెళ్ళాల్సి వచ్చింది.

కింద సంతకం.
నాదిలా లేదని
మళ్ళీ పెట్టాను.