కింది ముక్క

పాలకొండలో కమ్మరి నూకాచారి
తుక్కులో కొన్న సైకిలు చట్రానికి
పాత ఇనప మంచం కోళ్ళు అతికించి
మా మావకి చెట్టెక్కే పీట చేసిచ్చేడు.
రెండు ముక్కలు. పైది కూచోడానికి, కిందిది నిలబడ్డానికి.
రెంటికీ చెరో చెయిను, మానుని కావిలించుకోడానికి.
చేతిలో పెడుతూ ఒకే మాటన్నాడట:
"ఎక్కినప్పుడు తొందరపడకు,
దిగినప్పుడు అసలు పడకు."

మావ పేరు ఆరిక డుంబయ్య.
సీతంపేట దాటి, తారు అయిపోయి, ఎర్రమట్టీ అయిపోయి,
ఇంకో గంటన్నర నడిస్తే ఆయన పోడు.

నాకు నేర్పినది అక్కడే.
"తెల్లమద్ది ఒద్దు, ఒంటికి నూనె రాసుకున్నట్టుంటాది.
నల్లమద్ది చూడు, మొసలి ఈపు.
చెయిను కరుచుకుంటాది.
కిందన కట్టినప్పుడు పీట ముక్కు పైకెత్తి కట్టు,
మాను పైకెళ్ళేకొద్దీ సన్నబడతాది కదా,
అక్కడికెళ్ళేసరికి అదే సాపుగా కూచుంటాది.
ఇప్పుడు కూచో. కాళ్ళతో కింది ముక్కని లాక్కో.
దాని మీద నిలబడు. పై ముక్కని జరుపు. మళ్ళా కూచో."

గొంగళిపురుగు చదువు.
కూచోడం, లేవడం, కూచోడం, లేవడం,
భూమి మాత్రం ఏమీ అననట్టు కిందకి దిగిపోతుంది.

"రెండు ముక్కలకీ నడమ అడ్డనార తాడు కట్టడం మర్చిపోకు"
అని కూడా అన్నాడు.
ఆ మాట చెప్పినప్పుడు నేను
కొమ్మ మీద తేనెపట్టు చూస్తన్నాను.

చోళ్ళు పాలు పట్టిన నెల.
నాటు తుపాకీ ఎప్పుడో స్టేషన్లో అప్పగించేసేం.
మిగిలినవి ఒక టార్చిలైటు, ఒక డప్పు, నా గొంతు.
ముప్పై అడుగుల మీద కూచుని
కాళ్ళు కొంచెం కదిపేను,
కింది ముక్క జారిపోయింది.
రాయి మీద పడిన చప్పుడు
కొండకి తగిలి మళ్ళీ నాకే వచ్చింది.
కంగారులో టార్చీ దాని వెనకే వెళ్ళింది.
డప్పు మొదట్లోనే వదిలేసేను, బరువని.

కూచోగలను. అంతే.
లేవడానికి కింద ఏమీ లేదు.
మనిషి నిలబడ్డానికి ఎంత చోటు కావాలో
ఆ రాత్రి కొలిచేను: జానెడు వెడల్పు, మూరెడు పొడవు.

జామురాత్రి దాటేక వచ్చేయి.
ముందు ఆడపంది, వెనక చారల పిల్లలు.
ఇనప ముక్కని వాసన చూసి, ముట్టెతో ఒకసారి బోర్లించి,
చేలో పడ్డాయి.
అరిచేను. గొంతు పోయేదాకా అరిచేను.
పందికి ఆకాశం లేదంటారు మావాళ్ళు,
ఒక్కటీ తలెత్తలేదు.
చీకట్లో పంట తినేస్తున్న చప్పుడు ఎలాగుంటాదంటే
పక్కింట్లో ఎవరో తీరిగ్గా భోంచేస్తన్నట్టుంటాది.

తెల్లారి వచ్చేడు మావ.
నన్ను చూసేడు, చేను చూసేడు, ముక్క ఏరుకున్నాడు.
వీపుకి కట్టుకుని, కాళ్ళకి నారబందం వేసుకుని
అరవై ఏళ్ళ మనిషి, కప్పలాగ ఎక్కొచ్చేడు.
నా తిమ్మిరెక్కిన అరికాళ్ళ కింద ఆయన నెరిసిన తల.
చెయిను బిగించి, ముక్కని నా పాదాలకి తగిలించి
అడిగేడు: "ఎన్నొచ్చేయి?"
"పదిహేడు."
"పొట్టివి కలిపా?"
"కలిపే."
"లెక్కెట్టేవు కదా. అయితే కాపలా కాసినట్టే."

అలాంటి మనిషి
మొన్న వర్షాల్లో రేషను డిపో మెట్టు మీద జారేడు.
మెట్టు ఎత్తు, జానెడు.
తుంటి విరిగింది.

పై ముక్క ఇప్పుడు చూరుకి వేలాడుతుంది,
అత్త దానికి మొక్కజొన్న కంకులు కట్టింది.
కిందిది మంచం దగ్గర.
రోజూ పొద్దున్న ఆయన కాళ్ళ కింద పెడతాను,
నేల చల్లదనం ఎముకలకి ఎక్కకుండా.
చంకల కింద చేతులేసి, "నిలబడు మావా" అంటాను.
ఆయన వెంటనే లేవడు.
ముక్క కేసి ఒకసారి, నా కేసి ఒకసారి చూసి
అప్పుడడుగుతాడు:
"తాడు కట్టేవా?"