టికెట్ కొట్టిన ఆకులు

ముషీరాబాద్ డిపోల ఇరవై ఎనిమిదేండ్లు చేసి
దిగిపోయిన.
ఇప్పుడు నాది ఒకటే రూటు:
వంటింట్లకెల్లి డాబా మీదికి, పద్దెనిమిది మెట్లు.
ఆఖరి స్టాపుల నీలి డ్రమ్ము,
డ్రమ్ముల శహతూత్ చెట్టు.

పెట్టిననాడు పెన్సిలంత.
రెండేండ్లల్ల నీళ్ల ట్యాంకు దాటింది,
డిష్ గొడుగు పట్టుకొని
పక్కింటి డాబాల కాలు పెట్టింది.
కాయలు మాత్రం పదకొండు.
కండక్టర్ను, లెక్క తప్ప.
అందుల ఏడు కోయిల తిన్నది.

నఫీసా ఆపా పిట్టగోడ అవుతలకెల్లి చూసి
"కోయవేంది సుగుణా" అన్నది.
"పానమున్నదాన్ని ఎట్ల కోస్తం ఆపా?"
"మరి గోర్లు తీసుకుంటలేవా?"
ఆపా మాటకు నా దగ్గర చిల్లర లేదు.

డిసెంబర్, పొద్దున ఏడున్నర.
ఆపా వాళ్ల నాయన కత్తెర తెచ్చింది.
స్ప్రింగు తుప్పు, నోరు మాత్రం పదును.
పొయ్యి మీద కాల్చి, చల్లారినంక చేతికిచ్చింది.
ముందు ఎండుపుల్లలు.
తర్వాత ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మల్ల ఒకటి.
నడుమ గుంపు పల్చగ చెయ్యాలె,
గాలి దూరాలె, పురుగుకు చీకటి దొరకొద్దు.
బయటికి చూసే మొగ్గకు
అర వేలు పైన, ఏటవాలుగ,
టిక్.

ఆ చప్పుడు!
మిషన్లు రాకముందు నా గుప్పిట్ల ఉన్న చప్పుడే.
ఇగ ఆగలే.
నలభై కొట్టిన, యాభై కొట్టిన.
"బస్, బస్" అన్నది ఆపా.
బస్సు అన్నదనుకున్న.

చెట్టు మిగలలే,
చేతులెత్తిన కట్టె మిగిలింది.
మా ఆయన పైకొచ్చి చూసి
ఏమనకుంట దిగిపోయిండు.
ఆ రాత్రి నాకు బువ్వ సయించలే.

ఇరవై రోజులకు పచ్చ ముక్కులు పొడిచినయి,
ముక్కుతోపాటే పిందె.
ఫిబ్రవరి ఎండ తగిలిందో లేదో
ఒక చిగురు మెడ ముడుచుకపోయింది.
విప్పితే తెల్లటి పిండినల్లి.
తేనె కోసం చీమలు దాన్ని మోసుకపోయి
కొత్త కొమ్మల్ల దించుతున్నయి, డబుల్ డ్యూటీ.
కింది ఆకులకు గుండ్రటి బొక్కలు.
నాకన్నా ముందే ఎవరో టికెట్లు కొట్టిపోయిండ్రు.

ముడుచుకున్నవి తుంచి కవర్ల కట్టేసిన.
మొదలుకు ఆముదం గుడ్డ చుట్టిన.
కుంకుడు రసంల చెంచెడు వేపనూనె,
పొద్దు గూకినంక, ఆకు అడుగున.
మిగిలినయి పాత బ్రష్షుతోటి గీకుతున్న.

ఒకటి పెద్దది, కుచ్చుల కుచ్చుల తెల్లది,
వాటి నడుమనే తిరుగుతున్నది.
దొంగల సర్దార్ అనుకొని నలిపిన.
రెండోదాని మీద చెయ్యి పెడితే
ఆపా నా మణికట్టు పట్టుకున్నది.
"ఆగు. వాటి తెలుపే తొడుక్కొని
వాటినే తింటదిది.
పెద్దగైతే అక్షింతల పురుగు."

చిలకలగూడ స్టాపు యాదికొచ్చింది, వాన.
దొంగ పాసులోళ్లు నలుగురు దొరికిన రోజు.
తడిసి పిండైన కాగితం చూపెట్టిండు ఒక పిల్లగాడు.
ఐదోడు వీడే అన్న.
వాడు తిట్టలే, కొట్లాడలే.
దిగి, కాగితం రెండు అరచేతుల నడుమ పెట్టి
ఆరబెట్టుకుంట నిలబడ్డడు.
రైట్ రైట్ అన్నంక చూసుకున్న,
నా బొటనవేలికి అంటుకొని వచ్చింది
ఊదారంగు ముద్ర.
మా డిపోదే.

బ్రష్షు కింద పెట్టిన.
ఆ ఒక్క కొమ్మకు మందు కొట్టలే.
దాని తిండి దానికుండనిచ్చిన.

మార్చిల కాయలు.
ఎర్రవి పులుపు, నల్లవి వేళ్లకు రంగు.
ఆపాకు గిన్నెడు, కోయిలకు పై కొమ్మ.
ఈసారి లెక్కపెట్టలే.

తెంపుతుంటే
నల్ల వీపు, ఇటుకరంగు తల,
శెనగబద్దంత గూడ లేదు,
వచ్చి నా చేతి మీద వాలింది.

ఎక్కడిదాక అని అడగలే.