అడ్వాన్సు

కొలతల మనిషి పెన్సిల్ గీత
కిటికీ చెక్కమీద ఇంకా ఉంది.

పద్నాలుగు రోజుల గడువులో
పన్నెండో రోజునే వద్దని రాసింది గ్లెనిస్.
రెక్సమ్‌లో ఆ వారమంతా వాన.
ఎనిమిదొందల యాభై పౌండ్లు,
ఇదిగో అదిగో అంటూ ఆర్నెల్లు.

ఫోన్లో పియానో మోగుతుంది.
తర్వాత ఒక కుర్రాడు, ప్రతిసారీ కొత్తవాడు,
"మేనేజరు భోజనానికెళ్ళారండీ" అంటాడు.
ఆర్నెల్ల భోజనం!
ఏం తింటున్నాడో మహానుభావుడు.

చివరికి కోర్టు కాగితం నింపింది.
రద్దుకు కారణం అన్నచోట
పెన్ను కాసేపాగింది.
"చలేస్తోందన్న మనిషి లేడు" అని రాసి,
కొట్టేసి,
"అవసరం లేదు" అని రాసింది.

చెక్కు వచ్చింది, వడ్డీతో సహా.
ఆ కవరును నాలుగు మడతలు పెట్టి
పాత కిటికీ సందులో దోపింది.
గాలి
కొంచెం తగ్గింది.