కాయిదాల పలక

మంగపేట రేవుల మద్దిచెట్టుకు
నాలుగు మేకులు దిగ్గొట్టి పలకేసిన్రు.
చదివేది నేను. గూటాలు పాతేదీ నేనే.
కంపెనీ జీతం నెలకు ఆరు రూపాయలు, హాలీ సిక్కా.

మనిషికి పది మూరల ఇసుక, నాలుగు మూలల గూటాలు.
పొద్దుగూకినంక మరిగె ముట్టొద్దు.
ఒకరి జాగల ఒకరు కాలు పెడితే రూపాయి జుర్మానా.
కల్లు తాగి రావొద్దు.
ఇంటికి పోయేముందు ఆడోళ్లు కొప్పులు విప్పి దులపాలె.
మూడు రోజులు తడవని జాగ కంపెనీది.

పొడెం ముత్తవ్వ అడిగింది:
"గోదారి తాగి వస్తే జుర్మానా ఎవరికి?"
అందరు నవ్విన్రు. దొర నా దిక్కు చూసిండు.
నేను తర్జుమా చెయ్యలే.
"సరే అంటున్నది" అన్న.

మాఘంల ముత్తవ్వకు చలిజ్వరం.
మొదటి రోజు ఆమె జాగ పొడి. రెండో రోజూ పొడే.
మూడోనాడు తెల్లారంగ పోయి చూస్తే
ఇసుక తడితడిగున్నది.
గూటాలు దాటి లోపలికి, మళ్ల బయటికి
ఏడు జతల అడుగులు,
అండ్ల ఒక్కటి ఆరేండ్ల పిల్లది.
మోదుగాకు దొప్పల, రాయి కింద,
ఆవగింజల సగమంత బంగారం.

ఏడు రూపాయలు రాయాలె.
రాత్రి మరిగె ముట్టినందుకు ఇంకెంతనో.
సిరాబుడ్డి మూత తియ్యనీకె శానసేపు పట్టింది.
"పొడెం ముత్తవ్వ జాగ. తడి ఉన్నది."
అంతే రాసిన. అబద్ధమైతే గాదు.

దొర గుర్రం సప్పుడు ఇనొస్తున్నది.
కాలుతోని ఒక్కొక్క అడుగు చెరుపుకుంట వచ్చిన,
గూటం కాడ ఆగి చూసుకుంటే
ఎనిమిదో జత, చెప్పులతోని, నాది.
దాన్ని చెరపాలంటే
ఎనుకకు నడవాలె.